రికార్డు గదిలో మూడు కంప్యూటర్లు

మదనపల్లె,
5-7-2004, సోమవారం.

తమ్ముడు సాల్మన్ రాజుకు,

ఇక్కడ నేను దేవుని దయలో ఉన్నాను. కుప్పంలో నువ్వూ, మెర్లినూ, పిల్లలిద్దరూ ఆయన రెక్కల చాటున క్షేమంగా ఉండాలని రోజూ ఉదయం అడుగుతున్నాను. మోకాలి నొప్పి అలాగే ఉంది. దాని సంగతి ఇంతటితో చాలు.

నువ్వు పలమనేరు మీదుగా వచ్చే బస్సులో కండక్టరుకిచ్చి పంపిన పొట్లం శుక్రవారం అందింది. మూడు సీడీలు, తొమ్మిది పేజీల ఉత్తరం. సీడీలకు గీతలు పడకుండా పాత గౌను గుడ్డలో చుట్టింది మెర్లినే అయి ఉంటుంది. నీకు అంత ఓపిక లేదు.

ముఖ్యమైన సంగతి ముందు రాస్తాను. ఆసుపత్రి కమిటీ ఆగస్టు 14న కూర్చుంటుంది. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన ఎనిమిది కంప్యూటర్లు ఆసుపత్రికి వచ్చాయని నీకు చెప్పాను కదా. ఒక్కొక్కదానిలో మెమరీ అరవై నాలుగు ఎంబీలే. వాటిలో ఇప్పుడున్న విండోస్ 98నే ఉంచాలా, పుంగనూరులో కంప్యూటర్ల షాపు పెట్టుకున్న హరీష్ చెప్పే ఎక్స్‌పీ వేయాలా, నువ్వు చెప్పే లినక్స్ వేయాలా అన్నది పరీక్ష చేసి రాయమని సూపరింటెండెంటు జీవానందం డాక్టరుగారు నాకు అప్పగించారు. రికార్డు గది ఇన్‌చార్జిని కాబట్టి.

లినక్స్ తరఫున కమిటీకి పెట్టిన కాగితంలో నువ్వు పనిచేసే కుప్పం ఇన్‌స్టిట్యూట్ పేరే ఇచ్చాను. నీ పేరు రాయలేదు. 1998లో ఈ గదిలో పోయిన పదకొండు వేల పేర్లను ఈ ఆసుపత్రిలో ఎవరూ మరచిపోలేదు. నిన్నగాక మొన్న కలకడ నుంచి ఒక ముసలాయన వచ్చి, నా పాత ఫైలు యాడ పెట్టినారమ్మా అని అడిగాడు. ఫైలు అలమరాలోనే ఉంది. ఏ నంబరు కిందో తెలియదు. పేరు చెబితే నంబరు చెప్పే పట్టీ ఆనాడు నువ్వు కంప్యూటర్లోకి ఎక్కించినదొక్కటే. చెదలు పట్టిన పాత పేరు కార్డులను అంతకు ముందే కాల్చేశారు.

ఇక్కడివాళ్ళు దాన్ని ఇప్పటికీ సాల్మన్ రాజు పోగొట్టిన పట్టీ అంటారు. నీ లినక్స్ ఈ పరీక్షలో నిలబడితే, ఇది ఎవరు చేశారని వాళ్ళే అడుగుతారు. అప్పుడు నీ పేరు చెబుతాను. అమ్మను మట్టిచేసిన రోజున కూడా నువ్వు ఈ ఆవరణలో పావుగంట నిలబడలేకపోయావు. ఈసారి తలెత్తుకొని రావాలి. నేను ఈ పని ఒప్పుకున్నది అందుకే.

లినక్స్ వేయడం శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాం, నేనూ మునిలక్ష్మీ. ఈమె నువ్వు వెళ్ళిన తర్వాత చేరింది. కిటికీ దగ్గర కూర్చొని పేషెంట్ల పేర్లు ఎక్కించి చీటీ ఇచ్చే మనిషి. ఎనిమిదో తరగతి దాకా తెలుగులో చదివింది. ఇంగ్లీషు మాటలను చదవదు, బొమ్మల్లాగా గుర్తుపెట్టుకుంటుంది. నీ ఆరో పేజీలో, ఇక్కడ పొరపాటు చేస్తే డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది అని రాసి కింద రెండు గీతలు గీశావు. అది చదివి వినిపించగానే ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది. మీరే నొక్కండి మేడం, నాకు పిల్లలుండారు అనింది. నేనే నొక్కాను. ఐదు గంటలకు తెర మీద నువ్వు చెప్పిన నాలుగు పెద్ద బొమ్మలూ వచ్చాయి.

మూడు కంప్యూటర్లూ ఒకే బల్ల మీద ఉన్నాయి. మొదటిదానిలో 98. మధ్యదానిలో హరీష్ వేసిన ఎక్స్‌పీ. చివర నీది. స్విచ్చి వేసినప్పటి నుంచి పేరు ఎక్కించేదాకా ఎంతసేపో చూడమన్నారు. మా గడియారానికి సెకండ్ల ముల్లు లేదు. అందుకని మొదట పరలోక ప్రార్థనతో కొలిచాను. 98కి రెండు ప్రార్థనలు, నీదానికి నాలుగు, ఎక్స్‌పీకి ఏడు పట్టాయి. డాక్టరుగారు కాగితం చూసి, కృపావతమ్మా, ఈ లెక్క పైకి పోయేదే గానీ కమిటీకి పోయేది కాదు అన్నారు. ఆ మీదట వార్డు నుంచి నాడి చూసే వాచీ తెచ్చుకున్నాను. 98కి ఒక నిమిషం పది సెకండ్లు. నీదానికి రెండు నిమిషాల ఐదు. ఎక్స్‌పీకి మూడు నిమిషాల నలభై.

మనసు కష్టపెట్టుకోవద్దు. లేవడంలో నీది మొదటిది కాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అయితే 98 లేచినంత త్వరగానే పడుతుంది. ఈ ఉదయం పదకొండింటికి, కిటికీ దగ్గర నలభైమంది ఉండగా తెర నీలంగా మారి తెల్ల అక్షరాలు వచ్చాయి. మునిలక్ష్మి తల బయటికి పెట్టి, పది నిమిషాలు తాళండప్పా, ఇది మళ్ళా సొమ్మసిల్లింది అని చెప్పింది. గంగవరం నుంచి వచ్చిన ఒకామె, ముందు దానికొక చీటీ రాయించి డాక్టరుకు సూపించమ్మా, మేము ఆనక పోతాము అనింది.

మళ్ళీ రాస్తాను. పిల్లలకు నా ముద్దులు.

నీ అక్క,
కృపావతి.


మదనపల్లె,
24-7-2004, శనివారం.

ప్రియమైన రాజుకు,

నీ ఉత్తరం చేరింది. చిన్నదానికి జ్వరం తగ్గిందని చదివి వందనాలు చెల్లించుకున్నాను. నేను కదులుతూ మెదులుతూ ఉన్నాను. ఈసారి రాయవలసింది ఎక్కువ, మంచిది తక్కువ. వరుసగా రాస్తాను.

పోయిన వారం పుంగనూరు వెళ్ళి హరీష్ షాపు చూశాను. బస్టాండు వెనక సందులో, మేడ మీద. ముప్పై ఏళ్ళవాడు. మర్యాదస్తుడు. సోడా తెప్పించాడు. అక్కడ ఎక్స్‌పీ నిమిషంలో లేచింది. చూసినావా అమ్మా, గుర్రం మాదిరి అన్నాడు. దీని మెమరీ ఎంత నాయనా అని అడిగాను. రెండొందల యాభై ఆరు అన్నాడు. మాది అరవై నాలుగు కదా, నాలుగంతల దాణా తిన్న గుర్రాన్ని నాకు చూపిస్తే ఎట్లా అన్నాను. నవ్వేశాడు. ఆ మాటకొస్తే లినక్స్ ఊరికే ఇస్తారంట గదమ్మా, ఊరికే ఇచ్చేదాంట్లో ఏముంటాది, పుంగనూరులో ఊరికే దొరికేది ఎండ ఒక్కటే అన్నాడు. మా మతంలో ముఖ్యమైనవన్నీ ఊరికే ఇచ్చినవే అన్నాను. సోడా తాగమన్నాడు.

ఎక్స్‌పీ చూడటానికి బాగుంది. పచ్చని గడ్డి, నీలం ఆకాశం. కానీ మన అవసరం లేనివన్నీ దానిలో ఉన్నాయి. పాటలు, ఆటలు, మాటిమాటికీ మూలన లేచి ఏదో చెప్పే పసుపు చీటీలు. నాలుగు వేల ఎంబీల డిస్కులో అదొక్కటే పదిహేను వందలు ఆక్రమించింది. నీది ఏడు వందలు, 98 మూడు వందలు. ఏదైనా వెతకమంటే దాంట్లో ఒక కుక్కపిల్ల వస్తుంది. నిన్నటి పట్టీ వెతకమని మునిలక్ష్మికి చెప్పాను. డిస్కు గరగరమంటూ ఉంది, కుక్కపిల్ల తోక ఆడిస్తూ ఉంది, రెండు నిమిషాలైంది. ఎంత ముద్దుగా ఉండాది మేడం అనింది. పట్టీ దొరికిందా అంటే, పట్టీ లేదు గానీ కుక్క మాత్రం మంచిది అనింది.

నీదానిలో ఆమెకు వచ్చిన కష్టం వేరు. దానిలో బొమ్మను ఒక్కసారి నొక్కితే చాలు. ఈమెకు రెండుసార్లు నొక్కడం అలవాటు. అందువల్ల ప్రతిదీ రెండేసి తెరుచుకున్నాయి. ఒకే మనిషికి రెండు చీటీలు. మొదటి రోజు మధ్యాహ్నానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా సీటు పోతాది మేడం, దీన్ని యాల తెచ్చినారు అని అడిగింది. నాలుగో రోజుకు వేలు సర్దుకుంది. పదో రోజున నలభై పేర్లు నలభై ఐదు నిమిషాల్లో ఎక్కించింది. ఎక్స్‌పీలో అవే పేర్లకు గంటా పది పట్టింది. నీదానిలో అచ్చయ్యే చీటీకి ఆఖరి వరస తెగిపోతోంది. అది నువ్వు చూడాలి.

ఇక గురువారం సంగతి.

ఉదయం ఎనిమిదింటికి చాపెల్ గంట కొట్టగానే రికార్డు గదిలో గోడ మీది మెయిన్ స్విచ్చి దించుతాం. పాత ఫ్యాన్ల మోతలో ప్రార్థన వినపడదని మన చిన్నప్పటి నుంచీ ఉన్న పద్ధతి. ఈ పరీక్ష మొదలైనప్పటి నుంచి కంప్యూటర్లు మూసిన తర్వాతే దించుతున్నాం. గురువారం నేను మూశాననుకుంది మునిలక్ష్మి. ఆమె మూసిందనుకున్నాను నేను. గంట కొట్టగానే దించమని సైగ చేశాను. దించేసింది. మూడూ పని మధ్యలో ఉన్నాయి. యూపీఎస్ ఇంకా రాలేదు.

ప్రార్థన అయ్యాక స్విచ్చి ఎత్తాను. 98 నీలం తెరతో లేచి, నన్ను సరిగ్గా మూయలేదని నిష్ఠూరమాడి, పదిహేను నిమిషాలు డిస్కు తడుముకుంది. ఆ తర్వాత చూస్తే ముందురోజు పట్టీ లేదు. దాని స్థానంలో అర్థం కాని అక్షరాలున్నాయి. ఎక్స్‌పీ ఐదు నిమిషాలు తీసుకొని అన్నీ తిరిగి చూపించింది. అది దాని గొప్ప, రాయకుండా ఉండకూడదు. నీది రెండు వరసలు రాసుకొని మామూలుగా లేచింది. సగం కొట్టిన ఒక పేరు తప్ప ఏదీ పోలేదు. అదంతా కాగితం మీద పెట్టాను. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఆ సాయంత్రమే ఇంకొకటి జరిగింది. హరీష్ తన మిషను చూసుకోవడానికి వచ్చి, పక్కనే ఉన్న నీదాన్ని కూడా చూశాడు. లోపలికి పోయేచోట నీ సీడీల్లోనే నువ్వు పెట్టిన పేరు తెర మీద ఉంది, ఇంగ్లీషులో సాల్మన్ అని. ఎవురమ్మా ఈ సాల్మన్ అని మునిలక్ష్మిని అడిగాడు. మా మేడం తమ్ముడు గదా, కుప్పంలో ఉండాడు అని చెప్పేసింది పాపం. హరీష్ నేరుగా డాక్టరుగారి గదికి వెళ్ళాడు. తప్పు పట్టలేను. ఆయన చోట నేనున్నా అడిగేదాన్ని.

డాక్టరుగారు నిన్న నన్ను పిలిపించారు. కోపగించుకోలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. కృపావతమ్మా, నీ కొలతల మీద నాకు అనుమానం లేదు, కానీ పదకొండు వేల పేర్లు పోగొట్టిన చేతికే మళ్ళీ ఈ గది ఎట్లా ఇచ్చేది అన్నారు. చివరకు ఒక దారి చెప్పారు. బెంగళూరు నుంచి తాను తెచ్చిన ఫ్లాపీలోని వైరస్ వల్లనే ఆనాటి పట్టీ పోయిందని, అది తన అజాగ్రత్తేనని నువ్వు రాసి సంతకం చేసి ఇవ్వాలి. అది కమిటీలో చదివి, దస్త్రంలో పెట్టి, ఆ తర్వాత నీ లినక్స్ సంగతి చూస్తారు. ఇవ్వకపోతే నీ కాగితం చూడను కూడా చూడరు.

నేను ఆయన చెప్పింది నీకు చేరవేస్తున్నాను. రాయమని నేను చెప్పను. రాయవద్దని చెప్పవలసినదాన్ని, అదీ చెప్పలేకపోతున్నాను. నీ కోసం ప్రార్థిస్తున్నాను.

అక్క,
కృపావతి.


మదనపల్లె,
6-8-2004, శుక్రవారం.

రాజూ,

క్షేమం. మీ అందరి క్షేమం కోరుతున్నాను.

నువ్వు సంతకం చేసి పంపిన కాగితం అందింది. మూడుసార్లు చదివాను. వాళ్ళు అడిగినదానికంటే ఎక్కువే రాశావు. నా అజాగ్రత్త వల్ల కష్టపడిన ప్రతి రోగినీ క్షమాపణ అడుగుతున్నాను అని రాశావు. ఆ మాట వాళ్ళు అడగలేదు.

ఆరేళ్ళుగా బెంగళూరు పోయినప్పుడల్లా ఆ ఫ్లాపీ కొన్న వీధిలోకి పోకుండా చుట్టూ తిరిగి పోతున్నానని నాకు విడిగా రాశావు. ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదేం నువ్వు.

నీ కాగితం ఇంకా డాక్టరుగారికి ఇవ్వలేదు. ఆయన రోజూ అడుగుతున్నారు. ఈ ఉదయం కూడా వరండాలో ఆగి, వచ్చిందా అమ్మా అన్నారు. 14న తెస్తానన్నాను. వచ్చిందని గానీ రాలేదని గానీ చెప్పలేదు.

మునిలక్ష్మి ఇప్పుడు 98 ముందు కూర్చోనంటోంది. చివరనున్న నీ మిషనే కావాలంట. వేలికి అది అలవాటైపోయింది, మళ్ళా మార్చితే నేను గొర్రెలు మేపుకుంటాను గానీ ఈ పని చేయను అని డాక్టరుగారికే చెప్పింది.

చీటీ ఆఖరి వరస కోసం నువ్వు చెప్పిన మార్పు చేశాను. సగం బాగైంది.

ఇంకేమీ రాయలేను ఇప్పుడు.

అక్క.


మదనపల్లె,
14-8-2004, శనివారం, సాయంత్రం.

నా తమ్ముడు సాల్మన్ రాజుకు,

దేవుడు నిన్నూ నీ ఇంటినీ దీవించును గాక. నేను ఈ రోజు వరకు నిలబడి ఉన్నాను, అది ఆయన కృపే.

కమిటీ ముగిసింది. నీకు ముందుగా తెలియవలసింది ఇది. కిటికీ దగ్గర పెట్టే నాలుగు కంప్యూటర్లకూ నీ లినక్స్ వేయడానికి ఒప్పుకున్నారు. ఆఫీసులోని రెండింటికి మెమరీ పెంచి హరీష్ ఎక్స్‌పీ వేస్తాడు. మిగిలిన రెండూ ఊడదీసి విడిభాగాలకు ఉంచుతారు. సోమవారం ఉదయం నిన్ను రమ్మన్నారు. డాక్టరుగారు తన నోటితోనే, సాల్మన్ రాజును పిలిపించండి అన్నారు. పేరు పెట్టి.

ఎట్లా జరిగిందో రాస్తాను.

పదకొండింటికి కూర్చున్నాం. డాక్టరుగారు, పాస్టరుగారు, ఆఫీసు పెద్దలు ఇద్దరు, హరీష్, నేను. నా కొలతల కాగితం చదివారు. వేగం, డిస్కులో ఆక్రమించే చోటు, మునిలక్ష్మి చేతికి ఎన్నాళ్ళలో వచ్చింది, కరెంటు పోతే ఏమవుతుంది, అన్నీ. హరీష్‌ను అడిగితే, మెమరీ పెంచితే నాదే మేలు సార్, పెంచకుంటే ఆ అమ్మ రాసిందే నిజం అన్నాడు. మంచివాడు.

ఆ తర్వాత డాక్టరుగారు నా వైపు చెయ్యి చాపారు. తమ్ముడి కాగితం ఇవ్వమ్మా అన్నారు.

నీ కాగితం నా సంచిలో ఉంది. తీయలేదు. లేచి నిలబడ్డాను. మోకాలు పట్టేసింది, బల్ల అంచు పట్టుకున్నాను. ఆ కాగితంలో ఉన్నది నిజం కాదు కాబట్టి ఇవ్వను అన్నాను.

ఏది నిజం కాదమ్మా అన్నారు.

పట్టీ పోయింది ఫ్లాపీ వల్ల కాదు, నా వల్ల అని చెప్పాను. ఆ రోజు రాజు కంప్యూటరుకు డిస్కు సర్దే పని పెట్టి, ఏడున్నరకల్లా అయిపోతుంది, ఎవరూ ముట్టుకోవద్దు అని తెర మీద కాగితం అంటించి ఊళ్ళోకి పోయాడు. ఏడున్నరకు కాలేదు. ఎనిమిదింటికి కూడా తెర మీద రంగు గడులు ఒక్కొక్కటే జరుగుతున్నాయి. గంట కొట్టింది. గదిలో పెద్దదాన్ని నేను. ఫ్యాన్లు ఆగితే మళ్ళీ తిరగవా, ఇదీ అంతే అనుకొని మెయిన్ స్విచ్చి దించాను. ప్రార్థన చేశాను. స్విచ్చి ఎత్తాను. రాజు వచ్చేసరికి తెర నిండా అర్థం కాని అక్షరాలు. రాజు వాటిని చూసి తన ఫ్లాపీని తిట్టుకున్నాడు. జరిగింది ఇది అని చెప్పాను.

హరీష్ మెల్లగా, సార్, డిస్కు సర్దేటప్పుడు కరెంటు తీస్తే అంతే సార్, దానికి వైరస్ ఎందుకు, ఆ పాత విండోస్‌కు ఆ దెబ్బ చాలు అన్నాడు. తన బేరం సగం పోతుందని తెలిసే అన్నాడు.

ఈ సంగతి నీకు ఎప్పుడు తెలిసిందమ్మా అని డాక్టరుగారు అడిగారు.

పోయిన నెల 22న మునిలక్ష్మి స్విచ్చి దించినప్పుడు 98 ఏమైందో చూశాను, అప్పుడే తెలిసింది అని చెప్పాను.

డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తెలియక చేసినదాన్ని తెలిశాక నీ అంతట నువ్వే ఒప్పుకున్నావు, అంతకంటే ఏం కావాలి అన్నారు. ఇన్నేళ్ళూ ఆ అబ్బాయిని అనవసరంగా అనుమానించామని మిగతావాళ్ళు అన్నారు. 1998 దస్త్రంలో నీ పేరు కొట్టేసి, పక్కన డాక్టరుగారే సంతకం పెట్టారు. నేను చూశాను. పాస్టరుగారు ప్రార్థన చేస్తూ, యథార్థత గల మా సహోదరి కోసం స్తోత్రం అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

బయటికి వచ్చాక హరీష్ నా వెనకే వచ్చాడు. మీ తమ్ముడికి సెప్పండమ్మా, పేరు సంగతి నేను పోయి డాక్టరుకు సెప్పకుండా ఉండాల్సింది, అయినా ఆ చీటీ ఆఖరి వరస ఇంకా పూర్తిగా రాలేదు, అది సూసుకోమనండి అన్నాడు. మునిలక్ష్మికి విషయం తెలిసి, వచ్చే సారుకు ఒక్క మాట చెప్పండి మేడం, ఆ బొమ్మలు ఉన్నచోటే ఉండాల, అటూఇటూ జరిపితే ఊరుకోను అనింది.

నీ క్షమాపణ కాగితం ఈ ఉత్తరంతోనే తిప్పి పంపుతున్నాను. అది నువ్వు రాయవలసింది కాదు.

మెర్లిన్‌కు చెప్పు. పిల్లలకు చెప్పు, మీ నాయన ఏమీ పోగొట్టలేదని.

నీ అక్క,
కృపావతి.

తా. క.: పైనంతా రాసి, మడిచి, మళ్ళీ విప్పాను. కమిటీకి నేను చెప్పినదాంట్లో ఒకటి అబద్ధం. నాకు పోయిన నెలలో తెలియలేదు. ఆ రోజే తెలుసు.

స్విచ్చి ఎత్తిన తర్వాత ఆ తెరను మొదట చూసింది నేను. గంట కొట్టక ముందు గడులు చక్కగా జరుగుతుండటం చూసిందీ నేనే. మధ్యలో జరిగింది స్విచ్చి దించడం ఒక్కటే. నువ్వు పరుగెత్తుకొచ్చి, అక్కా, ఎవరైనా దీన్ని ముట్టుకున్నారా అని అడిగావు. ఎవరూ ముట్టుకోలేదు అన్నాను. నేను ముట్టుకున్నది గోడను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వారమే నన్ను రికార్డు గదికి ఇన్‌చార్జిని చేశారు. నువ్వు నీ ఫ్లాపీ పేరెత్తావు. నేను ఊరుకున్నాను. మరునాడు చెబుదామనుకున్నాను. మరునాడు నిన్ను పొమ్మన్నారు. ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ నోరు రాలేదు.

ఆరేళ్ళు నీ కోసం పొద్దునా సాయంత్రం ప్రార్థన చేశాను రాజూ. ఒక్క మాట చెప్పి ఉంటే అంత ప్రార్థన అవసరమే ఉండేది కాదు.

ఇందాక వాళ్ళు ఆమెన్ అంటున్నప్పుడు నేను అనలేకపోయాను. ఇదే మాట డాక్టరుగారికీ ఒక కాగితం రాసి, ఇప్పుడే వెళ్ళి ఆయన చేతికే ఇచ్చి వచ్చాను. చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. నీ పేరు కొట్టేసి పెట్టిన సంతకం మారదు, అది మాత్రం అడిగి తెలుసుకున్నాను. ఇన్‌చార్జి పని నాకు ఉంటుందో ఉండదో సోమవారం చెబుతారు.

ఈ ఉత్తరం రేపు మొదటి బస్సుకు ఇస్తున్నాను, నువ్వు బయలుదేరక ముందే చదవాలని. మునుపటి మాదిరి నన్ను అక్కా అని పిలవాలని అడగను. నీ పని కోసం రా. నన్ను చూడటం ఇష్టం లేకపోతే ఆ పూట నేను గదిలో ఉండను. మునిలక్ష్మి తాళాలు ఇస్తుంది.